రికార్డుకే మార్కులిస్తే ల్యాబ్ తాళం ఎవరు తీస్తరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన నల్లగొండ, పాలమూరు దిక్కు డిగ్రీ, పీజీల బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివే పిల్లల ప్రాక్టికల్స్ గురించి ఈ లెటర్ రాస్తున్న. నేను కూడ ఈ సైడే చదువుకొని ఇప్పుడు ఒక మందుల కంపెనీల మైక్రోబయాలజీ ల్యాబ్‌ల పని చేస్తున్న. నీళ్లు టెస్ట్ చేసుడు, గాలిల సూక్ష్మజీవులు పడ్తున్నయా చూసుడు, ప్లేట్ల మీద పెరిగిన సూక్ష్మజీవుల కాలనీలు లెక్కపెట్టుడు, రోజూ ఇదే పని. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉంది, ఇటు చౌటుప్పల్ దిక్కు కూడ మందుల కంపెనీలున్నయి, ఇంటర్వ్యూలకు మన జిల్లాల పిల్లలు మస్తుమంది వస్తరు. మేం అడిగేది పెద్దదేం ఉండదు, చుక్కలను కొలిచి తీసే మైక్రోపిపెట్ చేతికిచ్చి వంద మైక్రోలీటర్లు తీయమంటం అంతే. దానికి రెండు స్టాపులుంటయి, మొదటి స్టాప్ దాక నొక్కి లిక్విడ్‌ల పెట్టి మెల్లగ వదలాలె, ఇంకో ట్యూబ్‌ల పోసేటప్పుడు రెండో స్టాప్ దాక నొక్కాలె, తీసేటప్పుడే రెండో దాక నొక్కితే ఎక్కువ వచ్చి లెక్క మొత్తం తప్పుతది. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్ వచ్చిన పిల్ల దాన్ని పట్టుకొని బొటనవేలు ఎక్కడ పెట్టాల్నో తెల్వక మా మొకాలు చూస్తది. అదే పిల్లను డీఎన్ఏకు కాపీలు తీసే పీసీఆర్ గురించి అడగుండ్రి, 94 డిగ్రీల డినేచురేషన్, తర్వాత అనీలింగ్, 72 దగ్గర ఎక్స్‌టెన్షన్ అని గడగడ చెప్తది. చదివింది బాగనే చదివింది, ఆ పరికరం ఆమె చేతికి ఎవ్వరూ ఇయ్యలేదు.

దీనికి అందరు చెప్పే కారణాలు నాకు తెలుసు. పర్మినెంట్ పోస్టులు నింపక కాంట్రాక్ట్, పార్ట్ టైం సార్లు, మేడమ్‌లతోనే బండి నడుస్తున్నది, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రావట్లేదని ప్రైవేట్ కాలేజీలోళ్లు బందులు కూడ చేసిన్రు. ఇవన్నీ నిజమే, నేను కాదంటలే. కానీ పైసలున్న కాలేజీలల్ల కూడ ల్యాబ్‌కు తాళమే కనిపిస్తది కదా, మరి దానికేం చెప్తరు? నాకు అర్థమైంది ఏందంటే ఆ తాళం తీయాల్సిన అవసరమే పడ్తలేదు. మన ప్రాక్టికల్ పరీక్ష అట్లున్నది. రికార్డుకు ఇన్ని మార్కులు, చూసి గుర్తుపట్టే స్పాటర్లకు ఇన్ని, వైవాకు ఇన్ని, ఇంక చేసి చూపించాల్సిన ప్రయోగం ఉంటే ప్రొసీజర్ పేపర్ మీద రాస్తే చాలు, ఎక్స్‌టర్నల్ సార్ పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనం చేసి సాయంత్రం బస్సెక్కాలె కాబట్టి ఆయన కూడ తొందరల్నే ఉంటడు. ప్రయోగం చేయకుండనే రిజల్ట్ అంకెలు ముందు బ్యాచ్ రికార్డుల నుంచి దించుకుంటరు, ఆ బ్యాచ్‌ది అంతకుముందు బ్యాచ్ నుంచి వచ్చింది, మొట్టమొదట ఎవరన్న నిజంగ కొలిచిన్రో లేదో దేవునికే తెల్వాలె. బొమ్మలేసి రికార్డు రాసిచ్చేటోళ్లు కూడ దొరుకుతరు పైసలిస్తే. ఈ పద్ధతిల ఒక్క టెస్ట్ ట్యూబ్ కడగకుండ డిగ్రీ చేతికొస్తది.

మధ్యల ఒక మాట. కప్పలను, బొద్దింకలను కోసుడు బందుపెట్టుమని యూజీసీ 2014ల చెప్పింది, అది మంచి పనే, ఊరికె ఊరికె అన్ని జీవులను చంపుడు ఎందుకు. కానీ దాని జాగల ఏం వచ్చింది? గోడకు ఒక చార్ట్ వచ్చింది. కోత పోయి బొమ్మ మిగిలింది, జువాలజీ ల్యాబ్‌ల చేతితోని చేసే పని ఆ రోజుతోని ఇంక సగం అయిపోయింది, దాని గురించి ఎవ్వరూ మాట్లాడలే.

ల్యాబ్ అంటె లక్షల మిషన్లు కావాలె అనే మాట నేనొప్పుకోను. బ్యాక్టీరియాకు రంగేసి రకం గుర్తుపట్టే గ్రామ్ స్టెయిన్ 1884 నాటిది, క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్, ఒక గాజు స్లైడు, పెరుగు చుక్క ఉంటె చాలు, మైక్రోస్కోప్ ఏ కాలేజీల లేదు చెప్పుండ్రి. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద కూసోబెడితే రెండు మూడు రోజులల్ల వేర్లొస్తయి, పొద్దుగాల్నే కొనలు కత్తిరించి ఎసిటోకార్మిన్ రంగు వేసి నలిపితే క్రోమోజోములు విడిపోయేది కండ్లతోని కనిపిస్తది. అరటిపండు నుంచి డీఎన్ఏ తీయడానికి ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, చల్లటి ఆల్కహాల్ ఉంటె సరిపోతది, తెల్లటి దారాల లెక్క పైకి తేల్తది. అడ్మిషన్ల టైంల కాలేజీ గేటు ముంగట కట్టే ఫ్లెక్సీల ఖర్చుతోని ఇవన్నీ సెమిస్టర్ అంత చేయించొచ్చు.

ఇంక మన జిల్లాల సంగతి చూడుండ్రి. ఫ్లోరైడ్ తీసేసే నల్లగొండ టెక్నిక్ అని ఒకటి ఉంది, నాగ్‌పూర్‌ల ఉండే పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు తయారుచేసిన్రు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు జోరుగ, తర్వాత మెల్లగ కలిపితే మడ్డి లెక్క కట్టుకొని ఫ్లోరైడ్‌ను తీసుకొని కిందికి దిగుతది, పైనున్న తేట నీళ్లు వంచుకోవాలె. ఇథియోపియా, టాంజానియా దాక పోయి మన జిల్లా పేరుతోని వాడిన్రు దీన్ని. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల పిల్లలు ఇంట్ల తాతను, నాయనమ్మను వంగిపోయిన ఎముకలతోని చూసుకుంట పెరిగిన్రు. నీళ్లల్ల లీటర్‌కు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటె, అవే నీళ్లు ఏండ్ల తరబడి తాగితే అది ఎముకల హైడ్రాక్సిల్ జాగల పోయి కూసుంటదని బయోకెమిస్ట్రీల పేజీలకు పేజీలు రాస్తరు కూడ. కానీ ఒక బకెట్ బోరు నీళ్లు తెచ్చి ముందు ఎంత ఉంది, పటిక వేసినంక ఎంత ఉంది అని కొలిచిన పిల్లగాడు నాకైతే ఇంటర్వ్యూలల్ల ఇప్పటిదాక కనబడలే. మిషన్ భగీరథ నీళ్లొచ్చినయి, మంచిగైంది, అయినా చేలకాడ బోరు నీళ్లు తాగేటోళ్లు ఇంక ఉన్నరు కదా, ఆ బోర్ల లెక్క మన డిగ్రీ పిల్లలే తీయొచ్చు.

మూసీ సంగతి కూడ అంతే. హైదరాబాద్ మురికి మొత్తం మోసుకొని భువనగిరి, సూర్యాపేట దిక్కు వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది. ఆ నీళ్లల్ల మురుగు కలిసిందని చెప్పే కోలిఫాం బ్యాక్టీరియా ఉందా చూడడానికి మాక్‌కాంకీ బ్రాత్‌ల చిన్న డర్హం ట్యూబ్ బోర్లేసి 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు పెడితే రంగు పసుపుపచ్చగ మారుతది, ట్యూబ్‌ల గ్యాస్ బుడగ కనిపిస్తది. మేం కంపెనీల చేసే వాటర్ టెస్టింగ్‌కు ఇదే అడుగు, ఇది చేతనైన పిల్లకు ఉద్యోగం ఇయ్యమని ఎవరంటరు? బత్తాయి తోటలు బంక తెగులుతోని, వేరుకుళ్లుతోని ఎండుతున్నయని రైతులు మొత్తుకుంటరు, ఆ తోట మట్టిని నీళ్లల్ల వేసి పైన బత్తాయి ఆకు ముక్కలు తేలేస్తే మూడు నాలుగు రోజులకు ఆకు అంచుల ఆ తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా బయటపడ్తది, మైక్రోస్కోప్ ఒక్కటి చాలు. పాలమూరోళ్లకు పల్లి ఉంది, బూజు పట్టిన పల్లీల ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం లివర్‌ను ఖరాబు చేస్తది, ఆ బూజును ప్లేట్ మీద పెంచి గుర్తుపట్టుడు బీఎస్సీ పిల్లల పనే. 2018ల మహబూబ్‌నగర్‌ల ఉన్న పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి సెలైన్ బాటిళ్లు కట్టి క్లోరోపైరిఫాస్ మందు ఎక్కించిన ఫొటోలు దేశమంత తిరిగినయి, ఆ ఊర్ల బోటనీ చదివే పిల్లలకు అంతకన్న పెద్ద ప్రాక్టికల్ ఏముంటది, ఎంతమందిని పట్టుకపోయి చూపించి రాయించిన్రో మరి.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే, ప్రాక్టికల్ పరీక్షను మార్చుండ్రి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ల కూసునే పెద్దలు తల్చుకుంటె దీనికి కొత్త జీవో, కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. పరీక్ష రోజు పిల్లకు ఒక శాంపిల్ ఇయ్యాలె, నీళ్లో మట్టో పెరుగో ఏదైన సరే, ఏముందో ఆమెకు ముందే తెల్వొద్దు, చేసి చెప్పాలె. సగం మార్కులకు తక్కువ కాకుండ దానికే ఉండాలె. రెండు రోజులు పట్టే టెస్ట్ అయితే రెండు రోజులు పెట్టుండ్రి, థియరీ పరీక్షలు నెలంత నడుస్తయి కదా. రికార్డుల మాత్రం వాళ్ల సొంత ఊరి శాంపిల్ ఉండాలె, అప్పుడు దించుకునుడు కుదరదు, ఎందుకంటె దేవరకొండ బోరు, అచ్చంపేట బోరు ఒక్క తీరు ఉండవు. ఎక్స్‌టర్నల్‌గ నల్లగొండ సార్లు పాలమూరుకు, ఆళ్లు ఇటు వస్తె మొహమాటాలు కూడ తగ్గుతయి. పరీక్షల చేయించాల్సి వస్తదని తెలిస్తే మేనేజ్‌మెంట్లే పరిగెత్తి కెమికల్స్ కొంటరు, నేను రాసిస్త.

ఒకటి రెండు బ్యాచ్‌లకు పాస్ పర్సెంటేజ్ పడిపోతదని భయపడ్తరు, తెలుసు. పడనీయుండ్రి. నీట్ సీటు రాక బైపీసీ నుంచి డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌ల ఏదో ఒకటని బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పెట్టుకున్న పిల్లలు వీళ్లల్ల ఎక్కువ, అందుల ఆడపిల్లలు మరీ ఎక్కువ, హైదరాబాద్ పంపరు కాబట్టి ఊరికి దగ్గరున్న కాలేజీల చేరుతరు. వీళ్లు పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి యూనివర్సిటీ దాక పోవాలన్నా, సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష కొట్టి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకొని హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల పీహెచ్‌డీకి నిలబడాలన్నా, పోనీ మా లాంటి కంపెనీల క్యూసీల (క్వాలిటీ కంట్రోల్) చేరాలన్నా, మూడేండ్ల డిగ్రీలనే చేతికి అలవాటు కావాలె. పీజీకి వచ్చినంక పిపెట్ పట్టుడు నేర్పుడంటె రెండు సెమిస్టర్లు దానికే పోతయి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్త. కంపెనీలల్ల క్యాలిబ్రేషన్ ఫెయిలైన పిపెట్లను పక్కన పెట్టేస్తరు, సూక్ష్మజీవులను పెంచే మీడియా ఎక్స్‌పైరీ దాటిన డబ్బాలను మందుల పనికి వాడొద్దని రూల్ ఉంటది కాబట్టి పారేస్తరు, చెయ్యి తిరగడానికి అవి బ్రహ్మాండంగ పనికొస్తయి. కాలేజీల ప్రిన్సిపాల్ సార్లు లెటర్ రాసి అడిగితే ఇచ్చే కంపెనీలు ఉంటయి, జిల్లా కలెక్టర్లు ఒక మాట చెప్తే ఇంక తొందరగ అయితది. సెలవు రోజుల వచ్చి నేర్పమంటె నా లెక్క పని చేసేటోళ్లు ఇంకొందరు కూడ వస్తరు, ఫీజు ఏం వద్దు, ల్యాబ్ తాళం తీసి పెట్టమనండి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ ల్యాబ్ ఉద్యోగిని,
దేవరకొండ, నల్లగొండ జిల్లా