ఎస్ 2000 కొనబోతున్న అమ్మాయికి

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు అమెరికా నుంచి పంపిన రెండు ఎస్ 2000 కార్ల ఫోటోలను, వాటి వివరాలను నాలుగు రోజులుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. ఫోనులో అయితే అప్పటికి తోచింది చెప్పి ఊరుకునేవాణ్ణి. నువ్వు మూడేళ్ళు కూడబెట్టుకున్న సొంత డబ్బుతో, నీ అంతట నువ్వు ఇష్టపడి కొనుక్కుంటున్న మొదటి బండి గనుక, తీరిగ్గా కూర్చుని రాయడమే న్యాయమనిపించింది. గుడ్డ టాపు ఉన్న ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు హోండా ఎస్ 2000ను నేను చేత్తో ముట్టుకున్నది లేదు, ఎందుకంటే ఆ కారును కంపెనీ మన దేశంలో అమ్మలేదు. అయినా ముప్పై ఏళ్ళకు పైగా షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, ఆ ఇంజను గురించి అది వచ్చిన నాటి నుంచీ చదువుతూ వస్తున్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంతవరకు దాచుకోకుండా రాస్తున్నాను.

ఐదేళ్ళు నడిపి అమ్మినా పెట్టిన డబ్బు పోకూడదు, అలాంటి కారే కావాలి అన్నావు. పాతబడినా ధర తగ్గని బండ్లు ఉంటాయా అని మీ అమ్మకు అనుమానం. మన షెడ్డు ముందు ఒక పూట నిలబడితే ఆ అనుమానం తీరుతుంది. యమహా ఆర్ఎక్స్ 100 బైకు మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. ఇవాళ మంచి కండిషన్‌లో ఉన్నది దొరికితే, అది కొత్తగా ఉన్నప్పుడు షోరూములో కట్టిన ధర కంటే ఎక్కువ ఇచ్చి పట్టుకుపోతున్నారు. పొగ నిబంధనలు బిగిసిన తర్వాత అలాంటి టూ స్ట్రోక్ ఇంజను మళ్ళీ రాదు. ఆ రోజుల్లో దాన్ని చూసి ఆశపడిన కుర్రవాళ్ళ చేతుల్లో ఇప్పుడు డబ్బు ఆడుతోంది. అయితే కంపెనీ ఇచ్చిన సైలెన్సరు, కంపెనీ ఇచ్చిన కార్బొరేటరు ఉండి, ఆర్‌సీలో రాసిన నంబరే ఇంజను మీద కూడా ఉన్న బండికే ఆ ధర పలుకుతుంది. సైలెన్సరు కోయించి, పోర్టులు గీయించి, హ్యాండిల్ మార్పించిన బండి పక్కనే నిలబడి ఉన్నా దాని దగ్గర ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఎస్ 2000 సంగతీ ఇదే. హోండా కంపెనీ తన యాభయ్యేళ్ళ పండుగకు గుర్తుగా తలపెట్టి 1999లో విడుదల చేసిన ఈ కారును 2009లో ఆపేసింది. ఆ పదేళ్ళలో ప్రపంచమంతటికీ కలిపి తయారైనవి సుమారు లక్షా పదివేలు మాత్రమే. అన్నీ ఆరు గేర్ల మాన్యువల్ బండ్లే. ఆటోమేటిక్ ఒక్కటీ చేయలేదు. మొదట వచ్చిన ఇంజను 1,997 సీసీలది. టర్బో సాయం లేకుండానే మీ అమెరికా లెక్కలో 240 హార్స్ పవర్ ఇచ్చేది, అంటే లీటరుకు 120. అది తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క పిస్టన్ సెకనుకు 150 సార్లు పైకీ 150 సార్లు కిందికీ పోయి వస్తుందన్నమాట. ఇన్ని ఇంజన్లు చూసిన నాకు కూడా ఈ లెక్క వేసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. 2004 మోడల్ నుంచి మీ దేశంలో 2,157 సీసీల ఇంజను పెట్టి, తిరుగుడును ఎనిమిది వేల దగ్గరికి తగ్గించారు. ఇప్పుడు అందరూ టర్బోలకూ బ్యాటరీలకూ మారిపోయారు కాబట్టి ఇలాంటి ఇంజనుకు ఎవరూ మళ్ళీ అచ్చులు పోయరు. ఈ కారు ధర నిలబడటానికి అసలు కారణం అదే.

ఇక నువ్వు చూపించిన రెండు బండ్ల సంగతి. వెండి రంగుది 2001 మోడల్, 61 వేల మైళ్ళు తిరిగింది, 19,500 డాలర్లు చెబుతున్నారు. రెండోది 2006 మోడల్, 92 వేల మైళ్ళు, 27,000 డాలర్లు. తక్కువ తిరిగింది, తక్కువ ధరకు వస్తోంది కాబట్టి నీ మనసు మొదటి దాని మీద ఉందని నీ మాటల్లోనే తెలిసింది. ఆ ఫోటోలను పెద్దవి చేసి చూడు. కారును నేలకు దించడానికి స్ప్రింగులు మార్చారు, సైలెన్సరు బయట కొన్నది, స్టీరింగు కంపెనీది కాదు, పెయింటు మొత్తం కొత్తది. తీసేసిన అసలు భాగాలు ఉన్నాయో లేవో ప్రకటనలో ఒక్క ముక్క లేదు. రెండో దానికి రంగు కాస్త వెలిసింది, డ్రైవరు సీటు అంచు అరిగింది, కానీ దాని యజమాని ఆయిల్ మార్పించిన ప్రతిసారీ ఇచ్చిన బిల్లును దాచి, వరుసగా ఫైలు చేసి పెట్టాడు. నా ఓటు ఆ ఫైలుకే.

కొత్త పెయింటును చూసి మోసపోయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. 1996లో పైసా పైసా కూర్చి ఒక పాత అంబాసిడర్ కొన్నాను. అప్పటికే నేను మెకానిక్‌నే, ఇంజను శబ్దం విని బాగుందని తృప్తిపడ్డాను, తళతళలాడే రంగు చూసి ముచ్చటపడ్డాను. తొలకరి వానలు పడగానే తలుపుల కింది అంచున రంగు బొబ్బలెక్కింది. గీకితే లోపల వేలెడు మందాన పుట్టీ, దాని కింద తుప్పు, ఇంకా కిందికి పోతే ఛాసిస్‌కు అతుకు వెల్డింగు. మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఆ టింకరింగు పని చేయించాను. నాటి నుంచి రంగు మీద వేళ్ళ కణుపులతో కొట్టి శబ్దం వినకుండా ఏ బండికీ మాట ఇవ్వలేదు. మీ దగ్గర ఇంతకంటే తేలిక పద్ధతి ఉంది. తలుపులు, బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు, బంపర్లు, వీటన్నిటి మీదా ఆ కారు విన్ నంబరు, అంటే ఒక్కో కారుకు వేరుగా ఉండే గుర్తింపు నంబరు, రాసిన చిన్న స్టిక్కర్లను హోండా వాళ్ళే అంటించి పంపారు. వాటిలో ఏది లేకపోయినా, ఏ నంబరు తేడాగా ఉన్నా ఆ భాగం మార్చారనో, దానికి రంగు వేశారనో అర్థం.

ఇంజను విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది గేరు పొరపాటు. మూడో గేరులో పూర్తిగా లాగించి నాలుగు వేయబోయి, తొందరలో రెండు వేసి క్లచ్ వదిలితే, చక్రాలే ఇంజనును తిప్పేస్తాయి. తొమ్మిది వేల దగ్గర ఇంధనం ఆపే కట్ ఆఫ్ అప్పుడు ఏమీ చేయలేదు. అలా పరిమితి దాటి తిరిగిన పాత ఇంజన్లలో వాల్వు స్ప్రింగును పట్టుకునే రిటైనరు పగులుతుంది. పగిలినా బండి మామూలుగానే నడుస్తుంది, నెలల తర్వాత ఒక రోజు వాల్వు జారి పిస్టన్ మీద పడితే ఇంజను మొత్తం పోతుంది. మన దగ్గర లారీ ఇంజనుకు చేసినట్టు సులువుగా రీబోరు చేయించి గట్టెక్కే సిలిండర్లు కూడా కావు అవి; అల్యూమినియంలో కార్బన్, అల్యూమినా నారలు కలిపి చేసిన గోడలు. అందువల్ల కొనకముందే, అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెకానిక్ చేత, ఈ కారు పని బాగా తెలిసినవాడి చేత, నాలుగు సిలిండర్లూ గాలి ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చూసే కంప్రెషన్, లీక్ డౌన్ పరీక్షలు చేయించు, వాల్వు కవరు విప్పించి రిటైనర్లను చూపించు. అందుకు అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే, ఎంత నచ్చిన బండైనా వదిలేయి.

మిగతావి చిన్నవే. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు గరగరమంటే గేర్లు మెత్తగా కలిసేలా చేసే సింక్రో అరిగిందని అర్థం. 2001 మోడల్ టాపుకు వెనక అద్దం కాదు, ప్లాస్టిక్ షీటు ఉంటుంది, ఎండకు మసకబారుతుంది. గాజు అద్దం 2002 నుంచి వచ్చింది. మీ డల్లాస్ వైపు వడగళ్ళు బాగా పడతాయి కాబట్టి, గుడ్డ టాపు ఉన్న ఈ కారుకు పైకప్పు ఉన్న చోటు చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వు.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటపడకు. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి) అని గానీ, రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసిన బండి) అని గానీ ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. నువ్వు అమ్మేనాడు కొనేవాళ్ళూ ఆ మాటే అంటారు. 2017 ఆగస్టులో హార్వే తుఫానుకు హ్యూస్టన్ పరిసరాల్లో లక్షల కార్లు నీట మునిగాయి, అందుచేత టెక్సాస్ బండికి కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో తప్పక చూడాలి. మైళ్ళ సంగతి ఇంకొకటి. 2010, అంతకు ముందు మోడల్ కార్లను అమ్మేటప్పుడు మీటరు అంకె నిజమని రాసి ఇవ్వాలన్న ఫెడరల్ నిబంధన ఇప్పుడు వర్తించదు. కాబట్టి ఆ 61 వేలు అన్న అంకెకు సాక్ష్యం మీటరు ఒక్కటే, ఈ 92 వేలకు మాత్రం తేదీలతో సహా బిల్లుల సాక్ష్యం ఉంది.

ధర నిలబడటం అంటే ఖర్చు లేకపోవడం కాదు, ఈ లెక్క ముందే చూసుకో. 27,000 డాలర్లకు టెక్సాస్ పన్ను 6.25 శాతం చొప్పున 1,687 డాలర్లకు పైనే అవుతుంది, అది తిరిగి రాదు. టైర్లు, ఆయిల్, బీమా ఏవీ తిరిగి రావు. అప్పు చేసి కొంటే వడ్డీ కూడా ఈ జాబితాలో చేరుతుంది కాబట్టి అప్పు మాట తలపెట్టకు. కొన్న తర్వాత మరమ్మతులకు ఒక మూడు నాలుగు వేల డాలర్లు పక్కన ఉంచుకోగలిగితేనే కొను. బీమా తీసుకునేటప్పుడు మామూలు పాలసీ కాకుండా, పాత కార్లకు విలువను ముందే ఒప్పుకుని రాసిచ్చే పాలసీ అడుగు. ఇక్కడ మనకు ఐడీవీ, అంటే బీమా లెక్కలో బండి విలువ, ఏటేటా తగ్గిస్తూ పోతారే, అలా తగ్గించిన విలువ కట్టి చేతిలో పెడితే ఈ కారు కొన్న ప్రయోజనమే పోతుంది. అలాంటి పాలసీకి రోజూ ఆఫీసుకు వేరే కారు ఉండాలంటారు. నీ కరోలాను అందుకే అమ్మవద్దంటున్నాను. ఇక్కడికి తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుందామనీ అనుకోకు. మూడేళ్ళు దాటిన పాత కారునూ, ఎడమ వైపు స్టీరింగు బండినీ మన దేశంలోకి మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. అది అక్కడే ఇంకొకరి చేతికి పోవాల్సిన బండి. ఇప్పుడు ఆ 2006 బండి యజమాని నీకోసం దాచి ఉంచినట్టే, నువ్వూ ఆ బిల్లుల ఫైలును పెంచుకుంటూ పోవాలి.

ఒక్క మాట మాత్రం మెకానిక్‌గా కాదు, నాన్నగా రాస్తున్నాను. వెనక చక్రాలు తోసే ఈ తేలిక కారు తడి రోడ్డు మీద, మలుపులో యాక్సిలరేటరు చటుక్కున వదిలితే వెనక భాగాన్ని పక్కకు విసురుతుందని పేరు, తొలి మోడళ్ళలో మరీ ఎక్కువ. 2004లో సస్పెన్షన్ సర్ది కొంత తగ్గించారు. జారబోయే కారును నిలబెట్టే స్టెబిలిటీ అసిస్ట్ 2006 నుంచే అన్ని బండ్లకూ వచ్చింది. ధర, మైళ్ళు, బిల్లులు అన్నీ రెండు కార్లకూ సమానంగా ఉన్నా ఈ ఒక్క కారణానికి నేను 2006 మోడల్‌నే తీసుకోమని ఉండేవాణ్ణి. కొన్నాక మొదటి నెలలో ఖాళీ ట్రాక్ మీద డ్రైవింగు నేర్పే చోట ఒక రోజు శిక్షణ తీసుకో, ఆ డబ్బు నేను పంపుతాను. ఆ తర్వాత కవరు కప్పి మూల పెట్టకు. నిలబెట్టిన బండికి సీళ్ళు ఎండిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. వారానికి ఒకసారైనా ఇంజను బాగా వేడెక్కేదాకా నడుపు, వేడెక్కాక ఎనిమిది వేల దాకా లాగించు. అలా తిరగడానికే దాన్ని చేశారు.

శనివారం ఆ 2006 బండి చూడటానికి వెళుతున్నానన్నావు. నువ్వు వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని ముందు రోజే ఆయనకు చెప్పు. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే మర్యాదగా మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయి. చల్లగా ఉంటే, బానెట్ ఎత్తి ఫోను పట్టుకుని, స్టార్టు చేసిన క్షణం నుంచి రెండు నిమిషాలు శబ్దం రికార్డు చేసి నాకు పంపు. ముందు వైపు నుంచి గొలుసు కొట్టుకుంటున్నట్టు టకటకమంటే టైమింగ్ చైన్ టెన్షనరు పోయినట్టు, అది మార్చుకోవచ్చు. వేరే శబ్దం ఏదైనా ఉంటే నేను విని చెబుతాను. అప్పటికి ఇక్కడ రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నాన్న