గోలికి టైం ఉన్నది, మా బువ్వకే లేదు

సంపాదకులు గారికి నమస్కారం,

నేను నల్లగొండల ఒక పెద్ద బట్టల షోరూంల, చీరల సెక్షన్‌ల తొమ్మిదేండ్ల సంది పనిచేస్తున్న. పేరు రాస్తలేను, రాస్తే పని పోతదని భయం. షుగర్ వచ్చి నాలుగేండ్లయింది. పొద్దున తినేముందు ఒక గోలి, అందులో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండు కలిసే ఉంటయి. ఈ గోలి ఏసుకుంటే టైంకు తినాలె, లేకపోతే షుగర్ డౌన్ అయితదని దవాఖానల డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, ఎందుకంటే గ్లిమిపిరైడ్ మనం తిన్నా తినకున్నా ఒంట్ల ఇన్సులిన్ తీయిస్తనే ఉంటదంట. నాకు మంచిగనే అర్థమైంది కానీ షాపుల నా చేతుల ఏమున్నది.

డ్యూటీ 9:30కు. ఊరి నుంచి రావాలె కాబట్టి 8 గంటలకే తిని బస్సెక్కుత. లంచ్ రిజిస్టర్‌ల 1:30 నుంచి 2 అని రాసి ఉంటది, కింద సంతకాలు మావే. మామూలు రోజుల్ల రెండు, రెండున్నరకు దొరుకుతది, నడుస్తది. పెండ్లిళ్ల సీజన్ల, బతుకమ్మ దసరా ముందట మాత్రం కౌంటర్ల పార్టీ ఉంటే లేవద్దు, పెండ్లోళ్లంటే ఇంటిల్లిపాది వస్తరు, వంద చీరలు ఇప్పించి చూస్తరు, అండ్ల వాళ్ల తప్పు లేదు, పెండ్లి చీర అంటే ఎవరైనా అట్లనే చూస్తరు, వాళ్లు లేచేలోపు ఇంకో పార్టీ వచ్చి కూసుంటది.

పోయిన శ్రావణంల మూడున్నర దాటింది. పట్టుచీర మడత పెడుతున్న, అంచుకు అంచు కలుస్తలేదు. విప్పి మళ్లీ పెట్టిన, మళ్లీ కలుస్తలేదు. ఏసీ కిందనే కూసున్న, జాకెట్ మొత్తం చెమటకు తడిసింది. ఆమె ధర ఎంత అని అడిగితే టికెట్ మీద నంబర్ కనబడుతున్నది గానీ నోట్లకెళ్లి వస్తలేదు. పక్క కౌంటర్ పిల్ల "అక్కా ఏమైంది, గట్ల చూస్తున్నవేంది" అని ఉరికిపోయి, చాయ్ పెట్టేకాడ గ్లాసు నీళ్లల్ల చక్కెర కలిపి తెచ్చి తాపింది. తాగినంక మెడికల్ షాపుకు తీస్కపోయి వేలు గుచ్చి చూపిస్తే 58 ఉన్నది. 70 కన్న తక్కువైతే డౌన్ అయినట్టే, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల తాగి పావుగంటకు మళ్లీ చూసుకోవాలె, తర్వాత ఏదన్న తినాలె. ఇది ఆ మెడికల్ షాపు తమ్ముడు చెప్పిండు, మా షాపుల చెప్పినోళ్లు లేరు. మా మేనేజర్ సారు మాత్రం "పాణం బాగలేకపోతే ఇంటికాడ ఉండమ్మా, కస్టమర్ల ముందట గిట్లయితే షాపు పేరు పోతది" అన్నడు, రెండు రోజులు ఇంటికాడ ఉంటే రెండు రోజుల జీతం కోసిన్రు.

దాని తర్వాత నేను తప్పు పని చేసిన. మళ్లీ కౌంటర్ల పడిపోతనేమో అని రష్ ఉన్న రోజుల్ల పొద్దటి గోలి మానేసిన. డౌన్ కాలేదు గానీ షుగర్ పైకిపోయింది, మాటిమాటికి బాత్రూంకు పోవాలె, అది మూడో ఫ్లోర్ల, అడిగి పోవాలె, అందుకని నీళ్లు తాగుడు తగ్గించిన. మా దగ్గర చానమంది ఆడోళ్లు, షుగర్ లేనోళ్లు గూడా, ఇదే పని చేస్తరు.

మేము తెల్ల పరుపుల మీద చెప్పుల్లేకుండనే ఉంటం. చీరల ప్యాకింగ్‌కు గుండుసూదులు ఉంటయి గదా, ఒకనాడు పరుపు మీద ఎర్రమరక కనబడితే చీరకు అంటుతదేమో అని ముందుగాల చీర జరిపిన, అప్పుడు చూస్తే నా అరికాలుల సూది దిగి ఉన్నది. నాకు నొప్పే తెలవలేదు. షుగర్‌కు నరాలు మొద్దుబారినయంట. ఆ పుండు మానెటందుకు రెండు నెలలు పట్టింది.

ఇది నా ఒక్కదాని ముచ్చట గాదు. 2023ల ఐసీఎంఆర్ (దేశంల వైద్య పరిశోధన చేసే సర్కారు సంస్థ) సర్వే చెప్పింది దేశంల 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉన్నదని. వాళ్లల్ల ఎంతమంది నాలెక్క కౌంటర్ల ఉన్నరో, మిల్లుల ఉన్నరో. ఫ్యాక్టరీలకు 1948 చట్టంలనే 5 గంటలు దాటకముందే అరగంట విశ్రాంతి ఇయ్యాలని రాసిన్రు, షాపులకు 1988 చట్టం ఉన్నది, అందులో గూడ మధ్యల విశ్రాంతి ఇయ్యాలనే ఉన్నది. కేరళల 2018ల, తమిళనాడుల 2021ల షాపులల్ల పనిచేసేటోళ్లకు కూసునే హక్కు ఇచ్చిన్రు. ఆడ వ్యాపారాలు ఏం ఆగిపోలేదు.

నేను అడిగేది పెద్దదేం గాదు. మధ్యాహ్నం బువ్వ 2 లోపల, పార్టీ ఉన్నా సరే, పక్కామె కౌంటర్ చూసుకుంటది. పదకొండుకు, అయిదుకు పది నిమిషాలు ఇంత శనగలో జామకాయో తినే టైం. అడగకుండ బాత్రూంకు పోనియ్యాలె, కాళ్లకు మెత్తటి చెప్పులు ఏసుకోనియ్యాలె. ఇవి షుగర్ ఉన్నోళ్లకే అని పెట్టొద్దు, అందరికి పెట్టాలె, ఎందుకంటే షుగర్ ఉన్నదని చెప్పుకుంటే ఎక్కడ తీసేస్తరో అని దాచుకునేటోళ్లు చానమంది ఉన్నరు, పెండ్లి కావాల్సిన పిల్లలైతే అసలే చెప్పరు. గోలి ఏసుకున్న మనిషికి బువ్వ గూడ మందుల లెక్కనే, అది మేనేజర్ దయ మీద నడవొద్దు.

లేబర్ ఆఫీసు సార్లకు మీ పేపర్ ద్వారా ఒక్కటే మనవి. చెకింగ్‌కు వచ్చేదుంటే పొద్దుగాల రావొద్దు, రిజిస్టర్ చూసి పోవొద్దు. దసరా ముందటి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు రాండ్రి, సీద పై ఫ్లోర్‌ల మేము టిఫిన్లు పెట్టే ర్యాక్ కాడికి పోయి ఒక్కొక్క డబ్బా లేపి చూడుండ్రి, ఎన్ని ఇంక బరువుగనే ఉన్నయో.

ఇట్లు,
చీరల సెక్షన్‌ల పనిచేసే ఒక మహిళ,
నల్లగొండ