సముద్రంలో కలిస్తే వృథానా?
కృష్ణా నీళ్లు సముద్రం పాలై వృథా అవుతున్నాయని రాసే వార్తలు సగం మాటే చెబుతున్నాయి. నదిలో పారకం తగ్గితే సముద్రమే లోపలికి వస్తుంది. ఉప్పునీరు బరువు కాబట్టి మంచినీటి కిందుగా, అడుగు పట్టుకుని పోటుతోపాటు ఎగువకు ఎక్కుతుంది. ఎండాకాలంలో కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న నాగాయలంకలో చుట్టాలింటికి పోతే చేతిపంపు నీళ్లు నోట్లో పెట్టలేకపోయాం, బిందె అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్లగొండోళ్లకు ఆ బాధ వేరే చెప్పాలా! తెలంగాణ, ఆంధ్రల నీటి వాటాల లొల్లి ఎప్పుడూ ఉండేదే (మా ఆయకట్టుకూ నీళ్లు కావాలి, కాదనను), కానీ వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువకు కొంత నీరు తప్పనిసరిగా వదిలేలా రెండు రాష్ట్రాల నీళ్ల పంపకం చూసే కృష్ణా బోర్డు చూడాలి, బ్యారేజీ దిగువన ఉన్న పులిగడ్డ దగ్గర నదిలో ఉప్పుశాతం కొలిచి రోజూ ప్రకటించాలి. నాగార్జునసాగర్‌లో నిండు మట్టం 590 అడుగులకు ఎంత ఉందో వేసే పత్రికలు పక్కనే ఆ అంకె కూడా వేయొచ్చు.
– ఒక రైతు, మిర్యాలగూడ