హార్డ్ డిస్క్ తీసేసినా విండోస్ లేచింది: దారి చూపిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

హార్డ్ డిస్క్ బయట టేబుల్ మీద ఉంది. లాప్‌టాప్ మాత్రం ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగమైన చిప్ డిస్క్) నుంచి నేరుగా లాగిన్ స్క్రీన్‌కి వచ్చేసింది. హార్డ్ డిస్క్ తీస్తే విండోస్ లేవట్లేదని ఇక్కడ అడిగినప్పుడు, ఓపిగ్గా ఫొటోలు చూసి, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా దండాలు. ఒట్టి థాంక్స్‌తో సరిపెట్టకుండా మీరు చెప్పినదంతా ఒకచోట రాసిపెడుతున్నాను. పాత లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ వేయించుకునే చాలామందికి ఈ గొయ్యి దారిలోనే ఉంటుంది.

కేసు ఇదీ. లోపల 1 టీబీ హార్డ్ డిస్క్, కొత్తగా పెట్టిన 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11ని ఎస్ఎస్‌డీ మీద ఎక్కిస్తే బాగానే నడిచింది. హార్డ్ డిస్క్ విప్పగానే ‘నో బూటబుల్ డివైస్’. మళ్లీ బిగిస్తే మామూలే.

దీనికి ఎక్కువమంది ఇచ్చే సలహా ‘ఇంకోసారి ఫార్మాట్ కొట్టు’ అనే. ‘ఈఎఫ్ఐ పార్టిషన్ ఏ డిస్క్ మీదుందో చూశావా?’ అని అడిగిన అన్నకి అందుకే మొదటి దండం. ఈఎఫ్ఐ పార్టిషన్ అంటే లాప్‌టాప్ లేచేటప్పుడు మొదట చదివే బూట్ ఫైళ్లుండే చిన్న డిస్క్ భాగం. రెండు డిస్కులూ బిగించి ఉంచి పదిసార్లు ఫార్మాట్ కొట్టినా ఇదే జరుగుతుంది. విండోస్ ఎక్కడ పెట్టాలో సెటప్ మనల్ని అడుగుతుంది కానీ, బూట్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలో అడగదు. పాత డిస్క్ మీద అప్పటికే ఈఎఫ్ఐ పార్టిషన్ కనబడితే చాలాసార్లు దాన్నే వాడేసుకుంటుంది. ఇల్లు ఎస్ఎస్‌డీలో, తాళంచెవి హార్డ్ డిస్క్‌లో.

ఇది కనిపెట్టడం రెండు నిమిషాల పని. హార్డ్ డిస్క్ బిగించి, విండోస్ లోపల డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ అని రాసిన చిన్న గడి ఏ వరుసలో ఉందో చూడాలి. మా దాంట్లో అది హార్డ్ డిస్క్ వరుసలో ఉంది, ఎస్ఎస్‌డీ వరుసలో లేనే లేదు. ఇక్కడ పేర్లతో ఒక తిరకాసు ఉంది. సీ డ్రైవ్ పక్కన ‘బూట్’ అని కనబడుతుంది కదా అని, బూట్ ఫైళ్లు అక్కడే ఉన్నాయనుకుంటాం. మైక్రోసాఫ్ట్ లెక్క తలకిందులు: విండోస్ ఉన్నది ‘బూట్’, బూట్ ఫైళ్లు ఉన్నది ‘సిస్టమ్’. ఎవరు పెట్టారో గానీ ఈ పేర్లు!

ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘బయోస్ మోడ్’ ఎదురుగా ‘యూఈఎఫ్ఐ’ (లాప్‌టాప్‌ని లేపే కొత్త పద్ధతి) అని ఉండాలి. ‘లెగసీ’ (పాత పద్ధతి) అని ఉంటే కింద చెప్పిన పద్ధతి పనికిరాదు.

బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) గురించి హెచ్చరించిన మేడమ్‌కి రెండో దండం. ఆ హెచ్చరిక లేకపోతే బాగా ఇరుక్కునేవాళ్లం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో మనం అడగకుండానే ఈ తాళం (ఎన్‌క్రిప్షన్) ఆన్ అయిపోతుంది. బూట్ దారి మారగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది అకౌంట్‌లో దొరుకుతుంది గానీ, అడిగే సమయానికి లాప్‌టాప్ తెరుచుకోదు కదా. కాబట్టి ముందే కాగితం మీద రాసుకుని, తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాలి (తాత్కాలికంగా ఆపాలి).

ఇక అసలు పని. హార్డ్ డిస్క్ లోపలే ఉంచి, విండోస్ నడుస్తుండగానే చేయొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘డిస్క్‌పార్ట్’ కొట్టాలి. తర్వాత ‘లిస్ట్ డిస్క్’. నంబర్‌ని నమ్మొద్దు, సైజు చూసి ఎస్ఎస్‌డీని గుర్తుపట్టాలి. దాని ఎదురుగా జీపీటీ (డిస్క్‌ని భాగాలు చేసే కొత్త పద్ధతి) కాలమ్‌లో నక్షత్రం గుర్తు ఉండాలి. మాకు ఎస్ఎస్‌డీ డిస్క్ 1 కాబట్టి ‘సెలెక్ట్ డిస్క్ 1’, ఆపైన ‘సెలెక్ట్ వాల్యూమ్ సీ’. ‘ష్రింక్ డిజైర్డ్=300’ అంటే సీ చివర నుంచి 300 ఎంబీ కోసి ఖాళీగా ఉంచుతుంది. అందులో ‘క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260’. మొత్తం 300 అడగకపోవడం మంచిది, కొలతలు సర్దుకునేటప్పుడు చోటు చాలక ఎర్రర్ ఇవ్వొచ్చు. తర్వాత ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32’, ‘అసైన్ లెటర్=ఎస్’, ‘ఎగ్జిట్’. ఇక్కడ ఫ్యాట్32 బదులు ఎన్‌టీఎఫ్ఎస్ పెడితే మొదటికే మోసం. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (లాప్‌టాప్ లేచేటప్పుడు విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) ఖాయంగా చదివేది ఫ్యాట్ పార్టిషన్‌నే.

చివరి కమాండ్: ‘బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ’ (bcdboot C:\Windows /s S: /f UEFI). ఇందులో మొదటి ఎస్ స్విచ్, రెండోది ఇందాక ఇచ్చిన డ్రైవ్ లెటర్. ఈ రెండూ కలిపి ఒకే ఎస్ కొట్టి, పని చేయట్లేదని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. బూట్ ఫైళ్లు విజయవంతంగా తయారయ్యాయని ఒక్క లైన్ మెసేజ్ వస్తే చాలు. ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’, ‘/ఫిక్స్‌బూట్’ గురించి ఎక్కడ చూసినా రాసి ఉంటుంది గానీ ఈ కేసులో వాటితో పనిలేదు. మొదటిది పాత ఎంబీఆర్ (జీపీటీకి ముందటి పద్ధతి) డిస్కుల కోసం. రెండోది ఇలాంటి చోట ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని తిప్పికొడుతుంది.

హార్డ్ డిస్క్ ముందే పోయిన వాళ్లు ఇవే కమాండ్లు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ నుంచి కొట్టొచ్చు. మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే కమాండ్లు కొట్టే నల్ల విండో వస్తుంది (కొన్నింట్లో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి). అక్కడ డ్రైవ్ లెటర్లు మారిపోయి విండోస్ ‘డీ’లో కనబడొచ్చు, ‘డిర్’ కొట్టి చూసుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే ముందు రికవరీ కీతో తాళం తీయాలి. అసలు ఎస్ఎస్‌డీయే కనబడకపోతే కంగారొద్దు: ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లలో వీఎండీ (డిస్కులని నడిపే ఇంటెల్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇలా అవ్వొచ్చు. తయారీదారు సైట్‌లోని స్టోరేజ్ డ్రైవర్‌ని విప్పి, ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌లో వేసి, సెటప్‌లో డిస్క్ ఎంచుకునే తెర మీద ‘లోడ్ డ్రైవర్’ నొక్కాలి. విండోస్ ఎక్కించాక బయోస్ సెట్టింగ్స్‌లో వీఎండీని ఆన్ నుంచి ఆఫ్‌కో, ఆఫ్ నుంచి ఆన్‌కో మారిస్తే మాత్రం ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ నీలి తెర ఎదురవుతుంది.

డిస్క్ విప్పే ముందు షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయమన్న తమ్ముడికీ థాంక్స్. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ సగం నిద్ర లాంటిదే. వెనక మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే డిస్క్.

ఒక చిన్న మెలిక మిగిలింది. ‘/ఎస్’ వాడినప్పుడు బీసీడీబూట్ ఫర్మ్‌వేర్‌లో ఎంట్రీ రాయదు, ఎస్ఎస్‌డీలో ఉండే డిఫాల్ట్ ఫైల్ మీదే ఆధారపడుతుంది. మొదటిసారి బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఎస్ఎస్‌డీని పైకి జరపాల్సి వచ్చింది.

పాత హార్డ్ డిస్క్ ఇప్పుడు యూఎస్‌బీ కేసింగ్‌లో ఉంది. అందులోని పాత ఈఎఫ్ఐ పార్టిషన్‌ని డిస్క్ మేనేజ్‌మెంట్ తీయనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో దాన్ని సెలెక్ట్ చేసి ‘డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్’ కొడితే పోతుంది. హార్డ్ డిస్క్ లేకుండా లాప్‌టాప్ రెండు మూడుసార్లు లేచాకే ఆ పని చేయమని అన్న గట్టిగా చెప్పాడు. నాలుగుసార్లు లేచాకే చేశాం అన్నా!