మద్దతు ధర పట్టికలో కొర్రకు చోటెప్పుడు? కేంద్ర వ్యవసాయ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వ్యవసాయ, రైతు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను అనంతపురం జిల్లాలో వానను నమ్ముకుని సేద్యం చేసే మెట్ట రైతును. కొర్ర అనే చిరుధాన్యం పంట గురించి మా ఊరివాళ్లం ఇచ్చిన అర్జీలకు లెక్కలేదు. ప్రతిసారీ కాగితం తీసుకున్నారు, సంతకం పెట్టి స్టాంపు వేశారు. చివరికి ఒక అధికారి 'ఇది మా చేతిలో లేదు, ఢిల్లీలో తేలాలి' అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి మీకే రాస్తున్నాను.

2025-26 ఖరీఫ్‌కి 14 పంటలకు మద్దతు ధర ప్రకటించారు. క్వింటా సాధారణ రకం వరికి 2,369 రూపాయలు, సజ్జకు 2,775, హైబ్రిడ్ జొన్నకు 3,699, రాగికి 4,886. రాగి ధర చూసి సంతోషించాం, అబద్ధమెందుకు? మన్యంలో పండే నూనెగింజ వలిసెలకు కూడా అందులో చోటుంది. కొర్ర మాత్రం లేదు. సామ లేదు, అరిక లేదు, ఊద లేదు, వరిగ లేదు. 2018 ఏప్రిల్‌లో మీ శాఖే గెజిట్‌లో పోషక ధాన్యాలని ప్రకటించిన జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. గౌరవం ఇచ్చి ఏడేళ్లు దాటింది, ధర ఇవ్వలేదు.

ఈ ఏడేళ్లలో చిరుధాన్యాల గురించి మన దేశం ప్రపంచానికి చెప్పింది తక్కువేం కాదు. మన ప్రతిపాదన మీదే ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడు జూన్‌లో జీ20 వ్యవసాయ మంత్రులు హైదరాబాదులోనే కూర్చుని ఆహార భద్రత, పోషకాహారం మీద దక్కన్ సూత్రాలు రాసుకున్నారు. అంతకు ముందు ఏడాది వాతావరణ మార్పు మీద కుదిరిన పారిస్ ఒప్పందం కింద మన దేశం పంపిన లక్ష్యాల్లో మొట్టమొదటిది పర్యావరణానికి హాని చేయని జీవన విధానమే. జీవన విధానమంటే ముందు కంచంలో ఏం పడుతుందన్నదే కదా!

2023 డిసెంబరులో దుబాయ్ వాతావరణ సదస్సులో, ఆహార వ్యవస్థలను వాతావరణ ప్రణాళికల్లో చేరుస్తామన్న ప్రకటన మీద 150కి పైగా దేశాలు సంతకం చేస్తే మనం చేయలేదు. దానికి మిమ్మల్ని తప్పుపట్టను. ధనిక దేశాలు తమ తిండి తీరు మార్చుకోకుండా రెండెకరాల రైతు మీద కాలుష్యం లెక్కలు రుద్దితే ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఎవరి సంతకమూ అక్కర్లేని పని ఒకటి మన చేతుల్లోనే ఉంది. నీళ్లు నిలగట్టిన వరి మడిలో మట్టికి గాలాడక, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. కొర్రకు నిలవ నీరే గిట్టదు. బోరుతో పనిలేదు, కరెంటు మోటారుతో పనిలేదు. నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సూర్యనంది రకం రెండున్నర నెలల్లో కోతకొస్తుంది.

పండించడం మాకు కష్టం కాదు. కష్టం కళ్లంలో మొదలవుతుంది. కొర్ర ఆవగింజంత ఉంటుంది, పొట్టు గట్టిగా పట్టుకుని వదలదు. ఊళ్లో వరి మిల్లులో పోస్తే చాలా గింజ పొట్టుతోనే బయటికొస్తుంది, మిగిలిందాంట్లో నూక ఎక్కువ. మా అమ్మావాళ్లు రోట్లో దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచేవాళ్లు. ఆ చాకిరీ చేయమని ఇప్పటి ఆడవాళ్లను ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? కొర్రకు పనికొచ్చే మిల్లు ఎక్కడో ఉంటుంది. అక్కడికి మూటలు తీసుకెళ్తే వచ్చే నాలుగు రూపాయలూ ఆటో బాడుగకే పోతాయి. అందుకని పొట్టుతోనే అమ్ముకుంటాం. వ్యాపారి వస్తాడు, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని ఊదుతాడు, మట్టి ఉందంటాడు, తేమ ఉందంటాడు, మూటకింత తరుగు తీస్తాడు. ఆయన చెప్పిందే ధర. 'ఇంతకు తక్కువ కొనకూడదు' అని చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. మద్దతు ధర అంటే మాకు ఆ కాగితం. అదే గింజ కొర్రబియ్యమై పట్నంలో ప్యాకెట్లోకి చేరితే మామూలు కుటుంబం కొనలేని ధర పలుకుతుంది. పండించినవాడికీ గిట్టక, తినాల్సినవాడికీ అందక, ఇక ఈ పంట ఎవరి కోసమండీ?

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. మా కార్డుకు మాత్రం, ఎప్పుడైనా రాగులో జొన్నలో ఇచ్చినా, నెలనెలా వచ్చేది బియ్యమే. ఆ బియ్యం వద్దనడం లేదు. కరువు ఏళ్లలో వాటి వల్లే పొయ్యి వెలిగిన ఇళ్లున్నాయి. అందులో రెండు కిలోలు కొర్రబియ్యంగా మార్చమంటున్నాం, అంతే. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి, రైతుల దగ్గర రాగులు కొని రేషనులో ఇచ్చింది, అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది. మా ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చి నుంచి పిల్లలకు రాగిజావ పోశారు. రాగికి ధర ఉంది, కొనే దిక్కుంది కాబట్టే అది సాధ్యమైంది. కొర్ర చేసిన పాపమేంటి?

మా చుట్టుపక్కల కొర్ర చేలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలామంది బోర్లు వేసి టమాటాకో, చీనీ (బత్తాయి) తోటలకో, వరికో పోయారు. నీళ్లు పడనివాళ్లకు అప్పులు మిగిలాయి. భూగోళం కోసం కొర్ర వేయండని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ముందు ధర చెప్పండి, కొంటామని చెప్పండి, అప్పుడు అడగండి.

దయచేసి వచ్చే ఖరీఫ్ పట్టికలో కొర్ర, సామ, అరిక, ఊద, వరిగలకు ధర రాయండి. రాసి వదిలేయకండి, కొనుగోలు కేంద్రాలు తెరవండి. మండలానికొక మిల్లైనా మహిళా సంఘాల చేతికివ్వండి. ఆ గింజను రేషనుకూ అంగన్‌వాడీలకూ పంపండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా తెలియజేయండి. అదును దాటకముందే మీ జవాబు అందితే, ఈసారి ఎన్నెకరాల్లో కొర్ర వేయాలో మేం తేల్చుకుంటాం.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
అనంతపురం జిల్లా