కొత్త రేవుల్లో మస్టరు ఎవరిది?

సంపాదకులకు,

రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవులు పూర్తయితే వేలాది ఉద్యోగాలంటున్నారు. విశాఖలో కళాసీల (రేవు కూలీల) ఇళ్ల మధ్య పెరిగినవాణ్ని. ఆ ఉద్యోగాలు ఎవరి మస్టరులో, అంటే ఎవరి హాజరు పట్టీలో ఉంటాయో కూడా చెప్పమని అడుగుతున్నాను.

ఒకప్పుడు ఓడ వస్తే గ్యాంగులు గ్యాంగులుగా దిగి బస్తాలు మోసేవారు. డాక్ లేబర్ బోర్డు పేర్లు నమోదు చేసుకుని, పని దొరకని రోజుకూ హాజరు డబ్బులిచ్చేది. కంటైనరు, క్రేను వచ్చాక గ్యాంగులు కరిగిపోయాయి. బోర్డూ పోర్టులో కలిసిపోయింది.

యంత్రం ఆగదు. ఓడ ఆలస్యమైతే షిప్పింగ్ కంపెనీ పక్క రేవు చూసుకుంటుందన్నది ఉత్త బెదిరింపు కాదు. 2024లో కృష్ణపట్నం కంటైనర్ల పని తమిళనాడు రేవులకు మళ్లితే నెల్లూరు జిల్లాలో ఎంత గగ్గోలు పుట్టిందో చూశాం.

అదే ఏడాది అక్టోబరులో అమెరికా తూర్పు, గల్ఫ్ తీరాల రేవు కార్మికులు మూడు రోజులు పని ఆపి, ఆరేళ్లలో 62 శాతం వేతన పెంపు సాధించారు. యంత్రాల సంగతి విడిగా బేరమాడి, ఉద్యోగాలకు రక్షణ రాయించుకున్నారు. అప్పటి అధ్యక్షుడు బైడెన్ సమ్మెను ఆపించే చట్టాన్ని వాడలేదు, ఎన్నికల్లో గెలిచాక ట్రంపూ వారి పక్షమే మాట్లాడారు. ఓట్ల లెక్క ఇద్దరికీ తెలుసు మరి!

కేంద్రం కింద ఉన్న మన ప్రధాన రేవుల్లో 2024 ఆగస్టులోనే సమ్మె మొదలవకముందే 8.5 శాతం పెంపుతో రాజీ కుదిరింది. మేలు జరిగింది సుమారు 20 వేల మందికి. అదే గేటులోంచి వెళ్లే కాంట్రాక్టు కూలీలు, ప్రైవేటు టెర్మినళ్ల వాళ్లు ఆ లెక్కలో లేరు. ఇక కుర్రాళ్లు "యూనియనా? అది పర్మినెంటోళ్లది" అనక ఏమంటారు? క్రేను నడపడం నేర్పుతామంటే వాళ్లు ఎగిరి గంతేస్తారు. వాళ్ల కోపమంతా ఒడిశా, బీహార్ నుంచి వచ్చి తక్కువకు పనిచేసేవాడి మీద. ఆ రేటు కట్టిన కాంట్రాక్టరు మాత్రం ఎవరి కంటా పడడు.

ప్రధాన రేవుల్లో ఆ వేతన ఒప్పందం గడువు 2026 డిసెంబరు 31. తర్వాతి చర్చల్లో కాంట్రాక్టు కార్మికుల వేతనం, కొత్త యంత్రాలపై శిక్షణ మొదటి అంశాలుగా పెట్టాలని సంఘాలను కోరుతున్నాను. కొత్త రేవుల నిర్వాహకులతో రాసుకునే ఒప్పందాల్లో స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు, ఏ తరహావి, ఎంతకాలానికి అన్నది రాష్ట్ర మారిటైమ్ బోర్డు ముందే బయటపెట్టాలి.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం