జార్జియాకు ఒక్కదానివే వెళ్తున్నావు కాబట్టి

చిన్నీ,

సెప్టెంబరు చివర్లో జార్జియాకి, అదీ ఒక్కదానివే అని చెప్పి నువ్వు హాయిగా ఫోన్ పెట్టేశావు. మీ నాన్న అప్పటినుంచి మ్యాప్ తెరుచుకుని కూర్చున్నారు. ఆ దేశం నెత్తిన రష్యా ఉందని చూసి ఆయనకి ఒకటే టెన్షన్. నాకా బెంగ లేదు. మీ తమ్ముడు వాళ్ల రాజధాని టిబిలిసీలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు పిన్నితో కలిసి వెళ్లొచ్చాను కదా, రాత్రిపూట ఆడపిల్లలు ఒంటరిగా నడిచి ఇంటికి వెళ్లడం కళ్లారా చూశాను. నా బెంగంతా వాళ్ల భోజనాల బల్ల గురించే.

పల్లెల్లో ఎవరింట్లోనైనా గది తీసుకుంటే, ఇంటావిడ నిన్ను భోజనానికి పిలవకుండా ఉండదు. పదిమంది చేరితే అది సుప్రా అనే పెద్ద విందు అవుతుంది. తమదా అని ఒక పెద్దమనిషి ఉంటాడు. గ్లాసు ఎప్పుడెత్తాలో, ఎవరిని తలుచుకుని ఎత్తాలో ఆయనే చెబుతాడు. శాంతి కోసం, పోయినవాళ్ల కోసం, పిల్లల కోసం, వచ్చిన అతిథి కోసం... వరస అలా సాగుతూనే ఉంటుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తాగకూడదు. అయ్యాక అందరితోపాటు 'గౌమర్జోస్' అని ఓ గుక్క వేసి గ్లాసు దించెయ్. నేను అలాగే నెట్టుకొచ్చాను, ఎవరూ ఏమనుకోలేదు. చాచా అని తెల్లగా నీళ్లలా ఉండేది పోస్తే మాత్రం వద్దని చెప్పెయ్. అది ద్రాక్ష పిప్పితో కాచిన సారా, ఇళ్లలో కాచింది మరీ ఘాటు. వద్దనడానికి మొహమాటపడకు. పిలిస్తే వెళ్లడానికి అసలే మొహమాటపడకు.

ఇంటి బల్ల వేరు, వీధిలో పిలుపు వేరు. టిబిలిసీలో అప్పుడే పరిచయమైనవాళ్లు ఫలానా బార్‌కి పోదాం రమ్మంటే వెళ్లకు. బిల్లు చూశాక కళ్లు తిరుగుతాయి. ఏదైనా అవసరమైతే 112.

తూర్పున ద్రాక్షతోటల ప్రాంతం కాఖేతీకి తప్పకుండా వెళ్లు. నువ్వు వెళ్లేసరికి ద్రాక్ష కోతలు జరుగుతుంటాయి, వాటిని ర్త్వేలి అంటారు. సిగ్నాగీ ఊరు కొండమీద ఉంటుంది, కింద అలజానీ లోయంతా తోటలే. ఏదైనా చిన్న ఇంటి వైనరీకి వెళ్లి క్వేవ్రీలు చూపించమని అడుగు. మన పల్లెల్లో ధాన్యం పాతర్లున్నట్టు, మనిషి దిగేంత మట్టి బానల్ని మెడదాకా భూమిలో పాతేస్తారు. తెల్లద్రాక్ష రసాన్ని తొక్కలు, గింజలతో సహా అందులో పోసి నెలల తరబడి మూసిపెడతారు. అందుకే ఆ వైన్ తేనె రంగులో ఉండి నాలుక మీద టీ డికాక్షన్ లాగా వగరుగా తగులుతుంది. బాన ఖాళీ అయ్యాక ఒక మనిషి లోపలికి దిగి చెర్రీ చెట్టు బెరడుతో చేసిన బ్రష్‌తో రుద్ది కడుగుతాడు. జార్జియాలో తవ్వకాల్లో దొరికిన పెంకుల్ని పరీక్షించి, 8,000 ఏళ్ల కిందటే వైన్ చేశారని 2017లో తేల్చారు. ఈ బానల పద్ధతిని యునెస్కో 2013లోనే తన వారసత్వ జాబితాలో చేర్చింది.

తిండికి నీకు లోటుండదు. వంకాయ ముక్కలు వేయించి, వెల్లుల్లి వేసి నూరిన అక్రోటు ముద్ద పెట్టి చుట్టిస్తారు, బద్రిజానీ అంటారు. అది తిన్నాక మా గుత్తివంకాయ గొప్ప అని ఎవరితోనూ వాదించలేదు నేను. ఖింకాలీ అంటే మోమోల్లాంటివే, చేత్తోనే తినాలి. కొస పట్టుకుని చిన్న కొరుకు కొరికి ముందు లోపలి రసం పీల్చు, లేకపోతే నీ చొక్కా పాడవుతుంది. పట్టుకున్న ముడి తినకుండా కంచంలో వదిలెయ్. మాంసం ఖింకాలీలో ఎక్కువగా పంది, గొడ్డు మాంసం కలిపి పెడతారు, వద్దనుకుంటే పుట్టగొడుగులవి అడుగు. నీకు కారం చాలదు, అజికా అనే మిరపకాయ పచ్చడి తెప్పించుకో. రోడ్డుపక్క కొవ్వొత్తుల్లా వేలాడేవి చుర్చ్‌ఖేలా. చిక్కటి ద్రాక్షరసంలో ముంచిన అక్రోట్ల దండలు. కొరికేముందు లోపలి దారం లాగెయ్.

కొండల్లో ఉన్న కజ్‌బేగీ ఊరికి టిబిలిసీలోని దిదూబే స్టాండ్ నుంచి మర్ష్రుత్కా అనే చిన్న బస్సు దొరుకుతుంది. సుమారు 150 కిలోమీటర్లు, మూడు గంటలు. ఇంకొంచెం డబ్బు పోయినా షేర్ టాక్సీ ఎక్కు, అననూరి కోట దగ్గర ఆపుతారు. పొద్దున్నే బయల్దేరు, మధ్యాహ్నమయ్యేసరికి కొండను మబ్బు కమ్మేస్తుంది. ఆ ఊరి పైన కొండమీది గెర్గెటి చర్చి 2,170 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు తల కప్పుకోవాలి, బ్యాగులో ఒక చున్నీ పెట్టుకో. నడిచి ఎక్కేటప్పుడు గొర్రెల మంద కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లు. కాపలా కుక్కలు చాలా పెద్దవి, వాటి ముందు పరిగెత్తకు. టిబిలిసీ వీధికుక్కల సంగతి వేరు, చెవికి ట్యాగ్ ఉంటే టీకాలు వేశారని అర్థం. పాపం, మన వెనకే నడుచుకుంటూ వస్తాయి.

జార్జియా నుంచి విడిపోయి రష్యా సైన్యం అండలో ఉన్న అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా వైపు మాత్రం ఎవరెంత చవకగా తీసుకెళ్తామన్నా వెళ్లకు. దాని మీద ఇక చర్చ లేదు.

రోజూ ఫోన్ చెయ్యక్కర్లేదు, ఊరు మారినప్పుడల్లా ఒక మెసేజ్ పెట్టు చాలు. వైన్ సంగతి మీ నాన్నకి నువ్వే చెప్పుకో, నా మీద పెట్టకు.

అమ్మ